చేప బుగ్గల మీది తెల్లచుక్కలు

మాది చర్చికి పోయే ఇల్లు. అయినా వాస్తు మా గడప దాటి రావడానికి ఎవరినీ అడగలేదు. వికారాబాదులో మా తమ్ముడు ఇంటికి కొత్తగా రెండు గదులు వేసినప్పుడు, ఈశాన్యం మూలన చేపల తొట్టి ఉంటే మంచిదని ఎవరో చెవిలో వేశారు. ఆ ఆదివారమే ఆరాధన ముగించుకుని వస్తూ వస్తూ ఒక గాజు తొట్టి, రెండు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి పెట్టాడు. ఒకటి నారింజ రంగుది, ఇంకొకటి తెల్లది. రెండూ చూపుడు వేలంత ఉండేవి. "మనకు ఈశాన్యంతోని ఏం పనిరా" అని అడిగితే, "ఉంటే నష్టమేందక్కా" అన్నాడు. తొట్టి అక్కడే ఉండిపోయింది.

తొట్టితో పాటు దాని వెంట తిరిగే నమ్మకం కూడా ఇంట్లోకి వచ్చింది. ఇంట్లో మనిషికి రావలసిన ఆపదను చేప తన మీద వేసుకుంటుందట. అందుకే మా వైపు చేప చచ్చిపోతే ఎందుకు చచ్చిందని ఎవరూ అడగరు. మనకు రావలసింది దానితో పోయింది అనుకుని, తీసి జామచెట్టు మొదట్లో పాతి, కొత్తదాన్ని తెచ్చుకుంటారు. నాకు ఇది వింటే ఒళ్లు మండేది. నేను తాండూరులో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. రోగానికి ఒక కారణం ఉంటుందని, వెతికితే అది కనిపిస్తుందని నమ్మి బతుకుతున్న మనిషిని.

మా ల్యాబులోనూ ఒక తొట్టి ఉంది. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు సూది సంగతి మరిచి చేపల్ని చూస్తూ కూర్చుంటారని మా డాక్టరమ్మ పెట్టించింది. తాండూరు నీళ్లు సున్నపురాయి నీళ్లు. తొట్టి అంచున తెల్లగా పొర కడుతుంది, గీకినా ఒక పట్టాన పోదు. ఒక చలికాలం పొద్దున చూస్తే ఆ తెలుపు చేపల మీదికి కూడా ఎక్కినట్టు కనిపించింది. తోకల మీద, వీపుల మీద, రెక్కల మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు. చేపలు అడుగునున్న రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. షుగరు పరీక్షకు వచ్చిన ఒక పెద్దాయన "సున్నం అంటుకున్నది, కడుగుండ్రి" అని సలహా ఇచ్చాడు.

డాక్టరమ్మ వచ్చి చూసి నా వైపు తిరిగింది. "ఊరందరి రోగాలు చెప్తం. మన చేపకేమైందో మనకు తెల్వదంటే ఎట్ల? స్లైడు తియ్యి."

చేతులు తడుపుకుని ఒక చేపను పట్టుకున్నాను. పలచని గాజు ముక్క అంచుతో దాని పక్కన, తల నుంచి తోక వైపు, మెల్లగా ఒక్కసారి గీశాను. వచ్చిన జిగురును తొట్టినీటి చుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇన్నేళ్లుగా రక్తం, కఫం, మూత్రం చూసిన కళ్లు నావి. అలాంటిదాన్ని ఎప్పుడూ చూడలేదు. గుండ్రంగా, ముదురు రంగులో, కనుచూపంతా తానే అయి ఒక జీవి. ఒళ్లంతా సన్నని నూగు. ఆ నూగు గాలికి జొన్నచేను కదిలినట్టు కదులుతుంటే అది ఉన్నచోటే మెల్లగా దొర్లుతోంది. దాని నడుమ గుర్రపు నాడా ఆకారంలో ఒక మచ్చ. ఇంకాసేపట్లో దీన్నే చంపాలి కదా అని తెలిసీ, ఎంత బాగుంది అనుకున్నాను. అనుకున్నది పైకి కూడా అన్నాను.

దాని కథ చదివితే మరీ విచిత్రం. చేప చర్మం కింద దూరి ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని తాకలేదు. కడుపు నిండాక తనంతట తానే రాలి, అడుగుకు పోయి, చుట్టూ గూడు కట్టుకుని, ఒకటి కాస్తా వందలవుతుంది. ఆ పిల్లలు మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. ఆ ఈదే కాసింత సమయంలోనే మనకు దొరుకుతాయి. కనుక వైద్యం అంటే కాపు కాయడమే. నీళ్లు కొంచెం వెచ్చబెడితే లోపలున్నవి తొందరగా బయటికి వస్తాయి. దొడ్డుప్పు వేస్తే ఈదేవి చస్తాయి. అడుగున ఉన్న మురికిని గొట్టంతో లాగి పారేసి, రోజూ కొంత నీళ్లు మార్చాలి. చుక్కలు పోయాయని అక్కడితో ఆపకూడదు. మా వికారాబాదు గుట్ట మీది టీబీ దవాఖాన గురించి విని పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. దగ్గు తగ్గిందని మాత్రలు మానేసి మళ్లీ మొదటికి వచ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. నేను ఆపలేదు. ఒకటి రెండు పోయినా మిగతావి బతికి బట్టకట్టాయి. ఆ చలికాలం నన్ను చూసి నాకే గర్వంగా ఉండేది.

అదే చలికాలంలో, క్రిస్మస్‌కు కొత్త జాకెట్టు కొలతలు తీసుకుంటూ, అమ్మ తన ఎడమ రొమ్ములో గడ్డను కనిపెట్టింది. అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటూ బట్టలు కుడుతుంది. సగం వికారాబాదు ఆడవాళ్ల కొలతలు ఆమె నోటికి వచ్చు. తన కొలతలో తేడా ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? అక్కడి డాక్టరు చూసి, హైదరాబాదు పోయి గడ్డలోంచి సూదితో తీసి చూసే పరీక్ష చేయించమన్నాడు. అమ్మ పండుగ కానీయమంది. పండుగైంది. కొత్త సంవత్సరం ఆరాధన కానీయమంది. అదీ అయింది. స్త్రీల కూటం, పెళ్లి జాకెట్లు, మోకాళ్ల నొప్పి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను ప్రతి ఆదివారం రైలెక్కి పోయి పోట్లాడి వచ్చేదాన్ని. తమ్ముడు కోప్పడ్డాడు, బతిమాలాడు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది.

శివరాత్రికి చలి శివ శివా అంటూ పోయింది. ఆ వారంలోనే నారింజ చేప బుగ్గల మీద తెల్లచుక్కలు వచ్చాయి.

అమ్మే ఫోన్ చేసింది. ఆ గొంతులో చాలా రోజుల తర్వాత నిబ్బరం వినిపించింది. "గా చేప నాది మీదేస్కున్నది బిడ్డా. మొకమంత చుక్కలొచ్చినయి. పిచ్చి లేసినట్టు ఉరుకుతున్నది. ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు."

"అమ్మా, అది చేపలకొచ్చే రోగం. నీకేం సంబంధం?"

"బైబిల్ల, బలియ్యబోయిన కొడుకుకు బదులు పొట్టేలును తీస్కున్న దేవుడు, నాకు బదులు చేపను తీస్కోడా?"

ఇంకో మాట కూడా చెప్పింది. ఈస్టరు నాడు చర్చిలో లేచి సాక్ష్యం చెబుతుందట. మాలో సాక్ష్యం అంటే చిన్న విషయం కాదు. దేవుడు తనకు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పడం. ఒకసారి బాగయ్యానని సాక్ష్యం చెప్పిన మనిషి మళ్లీ దవాఖాన మెట్లు ఎక్కితే, ఆ చెప్పింది అబద్ధమైపోతుంది. మా అమ్మ ప్రాణమైనా వదులుతుంది కానీ అబద్ధం మాత్రం ఆడదు.  ఆ చేప చచ్చిపోయిందా, ఇక మా అమ్మను సూది దగ్గరికి ఎవరూ తీసుకుపోలేరు. చేప బతకాలి. బతికి, రోగం పోయి, తొట్టిలో హాయిగా తిరగాలి. అప్పుడే ఆమె గడ్డ ఆమెకు కనిపిస్తుంది.

మరుసటి ఆదివారం హీటరు, దొడ్డుప్పు, గొట్టం పట్టుకుని దిగాను. నీళ్లు వెచ్చబెట్టాను. రోజూ కొన్ని నీళ్లు మార్చమని మరదలికి ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. చుక్కలు తగ్గలేదు. తగ్గకపోగా, నారింజ చేప మరింత రెచ్చిపోయింది. తెల్లదాని వెంటపడి, పొట్టలో మూతితో పొడుస్తూ, తొట్టి నాలుగు మూలలా తరుముతోంది. తెల్లదాని పొలుసులు ఒకటి రెండు ఊడాయి కూడా. అమ్మ స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చుని "నా బాధ అంతా అది పడ్తున్నది" అని కళ్లు తుడుచుకునేది. నేనేమో నీళ్ల వెచ్చదనం ఇంకొంచెం పెంచేదాన్ని.

అయితే ఒకటి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ల్యాబులోని చేపల చుక్కలు ఇవాళ ఒకచోట, రేపు ఒకచోట ఉండేవి. ఎటుపడితే అటు చల్లినట్టు ఉండేవి. ఈ నారింజ చేప చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. రెండు బుగ్గల మీద, ముందు రెక్కల అంచున, అంతే. తోక శుభ్రంగా ఉంది. కుడి బుగ్గ ఎలాగో ఎడమ బుగ్గ అలాగే. రోగానికి ఇంత పొందిక ఎక్కడిది? చేపను మైక్రోస్కోపు కింద చూడందే లాభం లేదనిపించింది. మైక్రోస్కోపు వికారాబాదుకు రాదు, కనుక చేపే తాండూరు రావాలి.

మూతకు చిల్లులు పెట్టిన పాలక్యానులో వాళ్ల తొట్టినీళ్లే పోసి, నారింజ చేపను అందులో వదిలాను. అమ్మ చీర మార్చుకుని చెప్పులు వేసుకుంది.

"నువ్వెక్కడికే?"

"అది నా కోసం బాధ పడ్తుంటే, ఒక్కదాన్నే దవాఖానకు ఎట్ల పంపుత?"

గడ్డ వచ్చిన మనిషి హైదరాబాదు రానని నెలలుగా మొండికేసి, చేప వెంట తాండూరు బయలుదేరింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్యాసింజరులో ఒడిలో క్యాను పెట్టుకుని, బోగీ ఊగినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంది. ఎదురుగా కూర్చున్న, సేడం ఊరికి పోయే ఒకామె కన్నడంలో ఏదో అడిగింది. అమ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఇద్దరికీ సరిపోయింది. ఆమె కూడా ఒకసారి మూత తీసి చూసి, జాలిగా నాలుక చప్పరించింది.

ఆదివారం కనుక ల్యాబులో జనం లేరు. డాక్టరమ్మ రిపోర్టులు చూసుకోవడానికి వచ్చి ఉంది. ముందు బుగ్గ పక్కన జిగురు తీసి చూశాను. దొర్లే జీవి లేదు. రెక్క దగ్గర తీశాను. అక్కడా లేదు. వట్టి జిగురు, నాలుగు చర్మకణాలు, అంతే. ఇక రక్తం ఎలా ఉందో చూద్దామని, తడి దూదిలో చేపను చుట్టి, గాజుపళ్లెంలో పడుకోబెట్టి, తోకను విసనకర్రలా పరిచి అద్దం కిందికి జరిపాను.

చిన్నప్పుడు పుస్తకంలో రక్తనాళాల బొమ్మ గీశాను. ఎరుపు ఒక రంగు, నీలం ఒక రంగు. ఇక్కడ ఆ బొమ్మ నడుస్తోంది. తోక ఎముకల నడుమ ఒక కాలువలో రక్తం ఉరికి, ఆగి, ఉరికి పోతోంది. పక్క కాలువలో అదే రక్తం నింపాదిగా వెనక్కి వస్తోంది. రెంటినీ కలిపే సన్నటి సందులో కణాలు ఒకదాని వెనక ఒకటి, మూల దగ్గర ఒళ్లు వంచి, తిరిగి సర్దుకుని పోతున్నాయి. నేను రోజూ చూసే రక్తం గాజు మీద ఎండిపోయిన రక్తం. రంగు వేసి లెక్కపెట్టే రక్తం. బతికున్న రక్తం పనిచేస్తుండగా చూడటం నాకదే మొదలు. నా వేళ్ల చివర కూడా ఇప్పుడు ఇదే జరుగుతోంది కదా అనిపించి, గాజుపళ్లెం మీద ఆనించిన నా చేతిని కొత్తగా చూసుకున్నాను.

"అమ్మా, ఇటు రా. ఒక్కసారి చూడు."

అమ్మ వంగి కన్ను పెట్టింది. "నల్లగ ఎంటికలున్నయి."

"అవి నీ కనురెప్పల వెంట్రుకలే. జర దూరం జరుగు. ఆ, ఇప్పుడు?"

ఆమె అలాగే వంగి ఉండిపోయింది. చీర కొంగు జారినా సర్దుకోలేదు. నేను దూది మీద నీళ్లు చిలకరించి, ఇక చాలమ్మా అనేదాకా కన్ను తీయలేదు. తీసి, చేపను క్యానులో వదులుతుంటే చూస్తూ, "లోపల గింత నడుస్తదా బిడ్డా? మనం పండుకున్నంక గూడనా?" అని అడిగింది.

"పండుకున్నాక కూడా."

"మనం చెప్పకుంటనే."

డాక్టరమ్మ లేచి వచ్చింది. క్యానులో తొంగి చూసి, మాకు ఎవరికీ తట్టని ప్రశ్న వేసింది. "ఇది మగదా, ఆడదా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మా ల్యాబులో ఏ మనిషి వచ్చినా పేరు పక్కన ముందు రాసేది వయసు, తర్వాత ఆడో మగో. అది రాయందే నేను సూది కూడా తీయను. చేప దగ్గర మాత్రం నేరుగా మందులోకి దిగాను. ఫోన్‌లో వెతికి ఇద్దరం చదివాం. చలి పోయి నీళ్లు వెచ్చబడే కాలంలో మగ గోల్డ్‌ఫిష్‌కు బుగ్గల మీద, ముందు రెక్కల అంచున ముత్యాల్లాంటి తెల్లచుక్కలు లేస్తాయి. ఆడదాని వెంటపడి గుడ్లు పెట్టేదాకా తరుముతుంది. చుక్కలు రోగం కాదు. జత కట్టే ఈడుకు వచ్చిందని గుర్తు. పైగా నీళ్లు వెచ్చబెట్టి, రోజూ కొత్తనీళ్లు మారిస్తే ఆ ఉత్సాహం ఇంకా పెరుగుతుంది. నేను చేసిన వైద్యం సరిగ్గా అదే. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. చిన్న భూతద్దం పెట్టి బుగ్గ చూస్తే, నిజమే, ఎవరో కూర్చుని అతికించినట్టు గట్టి పూసలు, వరసగా ఉన్నాయి. ఇంతటి సింగారం ఏ అద్దమూ లేకుండా దాని ఒంటిమీదికి ఎలా వచ్చిందో అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

నేనూ నవ్వుతూ అమ్మ వైపు తిరిగాను. ఆమె నవ్వడం లేదు. రోగులు కూర్చునే కుర్చీలో, క్యాను పక్కన, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"అంటే దీనికేం రోగం లేదు."

"లేదమ్మా."

"గిది మంచిగున్నదంటే, నాది నా తాన్నే ఉన్నట్టు."

నెలలుగా ఆమె చేత ఈ మాటే అనిపించాలని పోరాడాను. తీరా అన్నాక తెలిసింది. ఆమె ఆనుకున్న గోడను నేనే లాగేశాను. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాను. నాకే ఏడుపు వచ్చింది, ఆమెకు రాలేదు.

"వాడు పెండ్లికి తయారై తిరుగుతుంటే, నేను వాన్ని సావుకు అప్పజెప్పిన. పాపం" అంది. తర్వాత మైక్రోస్కోపు వైపు చూసింది. "నాది గూడ గట్ల అద్దం కింద చూస్తరా? లోపల ఏం నడుస్తున్నదో?"

"చూస్తాం."

"అయితే ఇప్పుడే చూడుండ్రి. ఇంటికి పోతే మల్ల నాకు ఇంకోటి యాదికొస్తది."

అమ్మ గడ్డ సంగతి నేను ముందే చెప్పి ఉన్నందున డాక్టరమ్మ వేరే ఏమీ అడగలేదు. చేతులు కడుక్కుంది. తెర వెనక సూది పెట్టి తీసింది. గాజు మీద పూసిన ఆ చుక్కకు రంగు వేసింది నేనే. వేలసార్లు చేసిన పనే అయినా, ఆ రోజు ఒక్కో మెట్టూ పైకి చెప్పుకుంటూ చేశాను. నన్ను కన్నమ్మది ఆ చుక్క. డాక్టరమ్మ చూసింది. చాలాసేపు చూసింది. లేచి, తన కుర్చీ నాకు వదిలి, పక్కన నిలబడింది.

కణాలు ఒకదానినొకటి నెట్టుకుంటూ, చిన్నా పెద్దా తేడా లేకుండా గుంపుగా ఉన్నాయి. వాటిలో పొందిక లేదు. చదవడం నా పని కాదు, అయినా చదవగలిగాను. తెర అవతలి నుంచి అమ్మ అడిగింది: "గా చేపవి లెక్క వట్టి చుక్కలేనా బిడ్డా?"

"కాదమ్మా" అన్నాను. "కానీ చిన్నగున్నప్పుడే చూసినం."

 అమ్మ జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ, "అయితే ఎప్పుడు పోదాం?" అంది.

హైదరాబాదులో ఆపరేషను అయింది. మందులు ఎక్కించారు. జుట్టు ఊడింది, మళ్లీ నెరిసి వచ్చింది. ఎడమ వైపు తనకు తానే కొలత తీసుకుని, దూది పెట్టి జాకెట్లు కుట్టుకుంది. మధ్యలో ఒకసారి నీరసం వచ్చి, ఇక మందు వద్దు, గడ్డ పోయింది కదా అంటే, తమ్ముడు తొట్టి వైపు చూపించి "చుక్కలు పోంగనే ఆపొద్దని అక్క చెప్పలేదా" అన్నాడు. ఆపలేదు. తెల్లచేప గుడ్లు పెట్టింది. వెంటనే తీసి వేరే గిన్నెలో ఉంచకపోతే తల్లిదండ్రులే తినేస్తాయని చెప్పాను. మరదలు తీసింది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు కనురెప్ప వెంట్రుకంత ఉన్నాయి. అద్దం పెట్టి చూస్తే వాటి ఒంట్లో గుండె కొట్టుకోవడం కనిపించేది. అమ్మ బోడితలకు స్కార్ఫు కట్టుకుని ఆ భూతద్దం పట్టుకుని గంటల తరబడి కూర్చునేది.

ఆ ఈస్టరు పోయి, మళ్లీ ఈస్టరు వచ్చింది. ఆరాధన చివర సాక్ష్యాలు ఎవరైనా చెప్పండని పాస్టరుగారు అడగ్గానే అమ్మ లేచింది. నేను పక్కనే ఉన్నాను. ఏం చెబుతుందో నాకు తెలియదు.

"దేవునికి స్తోత్రం. నాకు రోగమొచ్చింది. నేను ఒక చేప మీద నూకిన. అది నాకు బదులు సస్తదనుకున్న. అది సావలే, మంచిగున్నది, పిల్లల తండ్రయింది. నాకు బదులు ఎవ్వర్నీ దేవుడు తీస్కపోలే."

ముందు వరసలో పాస్టరుగారు చిన్నగా దగ్గారు. మనందరికీ బదులు దేవుని కొడుకే చనిపోయి లేచాడని పాడుకునే ఈస్టరు నాడు, అదీ శిలువ ముందు నిలబడి అనాల్సిన మాట కాదని అమ్మకూ అప్పుడే తట్టింది. ఒక్క క్షణం ఆగింది. ఆమె ఎడమ చెయ్యి, ఇప్పుడు దూది పెట్టుకున్న చోట మీదికి పోయింది.

"చేపల్ల ఎవ్వర్నీ" అని సరిదిద్దుకుని కూర్చుంది.